మొద్దుబారిన పాదములకు తగిన చెప్పులు, మేజోళ్లు

మన సంఘ సభ్యులలో నలువదియేండ్లు దాటినవారిని కాళ్లెట్లున్నవని యడిగినచో పలువురు చెప్పు సమాధానము ఒకటే. రాత్రి పండుకొనగానే అరికాళ్లు మండును. దుప్పటి తగిలినను ఓర్వరాదు. సూదులు గ్రుచ్చినట్లుండును. పగలు నడచునప్పుడు దూదిమీద నడచినట్లుండును. కొందఱికి చెప్పు కాలినుండి జాఱిపోయినను తెలియదు. దీనిని మనవారు తిమ్మిరి యనియు, వాతమనియు చెప్పి, నూనె రాచుకొని యూరకుందురు. వైద్యులు దీనిని న్యూరోపతి, అనగా నరముల క్షీణత యందురు. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతములలో పంటల ప్రదర్శనలకై తిరుగునప్పుడు వరి తెగుళ్లను గూర్చి నన్ను ప్రశ్నించిన రైతులే, పని ముగిసిన పిమ్మట గట్టుమీద కూర్చుండి, కాళ్లకు సుఖమైన చెప్పులెక్కడ దొరకునని ప్రశ్నించుచుందురు. నేను వైద్యుడను కాను. మందుల మాట వైద్యులకు విడిచి, చెప్పులను గూర్చియు మేజోళ్లను గూర్చియు రైతునకు అక్కఱకు వచ్చు సంగతులను ఇచ్చట వ్రాయుచున్నాను.

ఈ వ్యాధికి మూలము లనేకములు. వానిలో ముఖ్యమైనది షుగరు, అనగా మధుమేహము. దేశమున 10 కోట్లకు పైగా జనులకు మధుమేహము కలదని భారత వైద్య పరిశోధన మండలి వారి తోడ్పాటున జరిగిన పరిశీలన వలన 2023లో వెల్లడియైనది. ఇది పట్టణవాసుల రోగమని తలచు కాలము గతించినది. రక్తములో చక్కెర ఏండ్ల తరబడి హెచ్చుగా నున్నచో నరములు చెడును. శరీరమున మిక్కిలి పొడవైన నరములు పాదములకు పోవునవి గనుక కీడు అచ్చటనే ముందుగా కనబడి, మేజోడు తొడిగినట్లు క్రమముగా పైకి ప్రాకును. కుష్ఠువు, మితిమీరిన సారాయి, బి12 అను జీవసత్త్వపు లోపము, క్షయకు వాడు కొన్ని మందులు, వీనివలనను ఇట్టి బాధ కలుగవచ్చును. షుగరుకు మెట్‌ఫార్మిన్ బిళ్లలను ఏండ్ల తరబడి మ్రింగువారిలో కొందఱికి బి12 తగ్గును. అంతమాత్రమున బిళ్ల మానరాదు. ఈ లోపము రక్తపరీక్షచే తెలియును, మందుచే సరిపడును. నల్లగొండ సీమలో ఫ్లోరైడు నీటివలన వెన్నెముక బిగిసి కాళ్లు తిమ్మిరెక్కుటయు కలదు. కావున కాళ్లు మండువారు చెప్పులు మార్చుటకు ముందే ఒకసారి ఆసుపత్రికి పోయి కారణము తెలిసికొనవలెను. మంటను తగ్గించు మందులును కలవు. అవి మంటను తగ్గించును గాని పోయిన స్పర్శను తిరిగి తేజాలవు.

స్పర్శ యున్నదో లేదో తెలియుటకు ఇంటిలోనే చేసికొనదగిన చిన్న పరీక్ష యొకటి కలదు. ఇంగ్లండు దేశమున ఇప్స్‌విచ్ పట్టణపు వైద్యులు దీనిని రూపొందించి 2011లో ప్రకటించిరి. రోగి కన్నులు మూసికొని పండుకొనవలెను. ఇంటివారెవరైనను చూపుడు వ్రేలితో అతని బొటనవ్రేలి కొనను, నడిమి వ్రేలి కొనను, చిటికెన వ్రేలి కొనను ఒక్కొక్కదానిని ఒకటి రెండు క్షణములు మెల్లగా తాకవలెను. నొక్కరాదు, గీఱరాదు, తట్టరాదు. రెండు పాదములకు ఆఱు తాకిళ్లు. వానిలో రెండుగాని అంతకు మించిగాని తెలియనిచో ఆ పాదములు అపాయమున నున్నట్లే యెంచవలెను. ఆసుపత్రిలో 10 గ్రాముల ఒత్తిడికి వంగు నైలాను దారముతో ఇదే పరీక్షను ఇంకను నిశ్చయముగా చేయుదురు. మంట యున్నది గనుక స్పర్శయు నున్నదని భ్రమపడవలదు. ఒకే పాదమున రాత్రి మంటయు, పగలు మొద్దుతనమును కూడి యుండుట సాధారణము.

ఇక చెప్పుల విషయము. కాడి సరిగా కుదురని యెద్దునకు మెడ రాచుకొనిపోవునని మనకు తెలియును. ఎద్దు నోరులేని జంతువేయైనను తల విదుల్చును, కాడి క్రిందికి రానొల్లదు. రైతు గ్రహించి కాడికి గోనెగుడ్డ చుట్టును, మూపురము దగ్గఱ చేయి వైచి వేడి యున్నదేమో చూచును. మొద్దుబారిన పాదము తల విదుల్పజాలని యెద్దు వంటిది. బాగున్న పాదమునకు చెప్పు కఱచిన వెంటనే మనము తెలియకయే కొంచెము కుంటుదుము, బరువును మఱియొక ప్రక్కకు మార్చుదుము, మఱునాడు ఆ చెప్పు విడుతుము. స్పర్శ లేనివాడు కుంటడు. ఒకే చోట, ఒకే తీరున, వేల అడుగులు వేయుచునే యుండును.

అంతకంటె వింత యొకటి కలదు. ఇట్టివారు దుకాణమునకు పోయి తమకు సరియైన కొలతగల జతను తొడిగినప్పుడు, కాలికేమియు తగులుచున్నట్లుండదు గనుక, అది వదులని తలచి విడిచిపెట్టుదురు. దానికంటె చిన్నది తొడుగగా కొంచెము తెలియును. ఇది కాలికి పట్టినదని సంతోషించి కొని తెచ్చుకొందురు. కాలికి పట్టినట్లు తెలియుటకే అంత బిగుతు కావలసివచ్చినదని గ్రహింపరు. సాయంకాలమునకు చిటికెన వ్రేలి ప్రక్క బొబ్బ, వారమునకు పుండు. కావున ఇట్టి పాదమునకు చెప్పును కాలు ఎంచుకొనరాదు. కన్ను, చేయి, కాగితము ఎంచుకొనవలెను.

ఈ ఎఱుక మన దక్షిణ దేశముననే పుట్టినది. 1915లో డిచ్‌పల్లిలో కుష్ఠు ఆసుపత్రి వెలసిన నాటికి, కుష్ఠురోగుల వ్రేళ్లు రోగముచేతనే కుళ్లి రాలునని లోకమంతయు నమ్ముచుండెను. 1946లో వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలకు వచ్చిన పాల్ బ్రాండ్ అను శస్త్రవైద్యుడు రోగుల వెంబడి తిరిగి, వారు ఏ పని చేయునప్పుడు ఏ గాయము కలిగినదో పరిశీలించి, ఆ పుండ్లకు ముఖ్యకారణము నొప్పి తెలియకుండుటయేనని కనుగొనెను. రాత్రి ఎలుకలు కొఱికినను తెలియని రోగులకు ఆయన పిల్లులనిచ్చి పంపెనని ప్రసిద్ధి. పాదమునకు కీడు మూడు విధముల వచ్చునని ఆయన బోధించెను. ముల్లు, మేకు వలె ఒక్కసారిగా గ్రుచ్చుకొనునది మొదటిది. బిగుతు పట్టీ వలె స్వల్పమైన ఒత్తిడియే గంటల తరబడి యుండి ఆ చోటికి నెత్తురు రానీయనిది రెండవది. నడకలో ఒకే చోట మరల మరల పడు మధ్యమమైన ఒత్తిడి మూడవది. ఈ మూడవదే ఎక్కువమందిని చెఱచును, ఎవరికిని అనుమానము రాదు. దీనికి విరుగుడుగా వేలూరులోను, సమీపమున నున్న కరిగిరిలోను మైక్రోసెల్యులర్ రబ్బరు అను మెత్తని రబ్బరుతో చెప్పులు చేయించిరి. బ్రాండు 1966లో అమెరికాలోని కార్విల్ ఆసుపత్రికి పోగా, కుష్ఠురోగులకొఱకు నేర్చిన ఈ విద్యయే అచ్చట మధుమేహులకును ఉపకరించినది.

ఈ రబ్బరును ఎం.సి.ఆర్. అని వ్యవహరింతురు. దీనిలో లెక్కలేనన్ని సన్నని గాలి బుడగలు మూతపడి యుండును. అడుగు పడగా అణగి, తీయగా మరల లేచును. బజారులో దొరకు హవాయి చెప్పు అట్టయు మెత్తగనే యుండును గాని కొలది నెలలలో మడమ క్రిందను, వ్రేళ్ల మొదళ్ల క్రిందను అణగి గుంటపడును. ఆ గుంటయే బరువంతయు ఎచ్చట పడుచున్నదో చూపును. మంచి ఎం.సి.ఆర్. రేకును బొటనవ్రేలికి చూపుడు వ్రేలికి నడుమ పట్టి నొక్కినచో దాదాపు సగము మందమునకు అణగి, విడువగానే యథాస్థితికి రావలెను. అణగనిది గట్టిది, లేవనిది పనికిరానిది. కొన్న చెప్పులు కొన్నాళ్లకు లేవకుండ అణగియున్నచో, పైకి క్రొత్తగా కనబడినను మార్చవలసినదే.

మెత్తదనము పైన, గట్టిదనము క్రింద ఉండవలెను. మన పెద్దలు తొడిగిన టైరు చెప్పులను చూచి ఇప్పటివారు నవ్వుదురు గాని, ముళ్ల నేలకు అంతకంటె మంచి అడుగుభాగము లేదు. వాని దోషము మేకులు. క్రింద టైరు రబ్బరు, పైన వ్రేలెడు మందము ఎం.సి.ఆర్., రెంటిని బంకతో అతికించి అంచున కుట్టినచో మన పొలములకు తగిన చెప్పు సిద్ధమగును. ఒక్క మేకు కూడ ఉండరాదు. అట్ట అఱిగిన కొలది మేకు పైకి వచ్చును. స్పర్శ లేనివానికి అది దిగినను తెలియదు. బొటనవ్రేలి సందున దూర్చు పట్టీ కూడదు. అది సందును కోయును. పైగా అట్టి చెప్పు జాఱకుండ వ్రేళ్లతో బిగించి పట్టవలసి వచ్చును. పాదముమీద రెండు వెడల్పైన పట్టీలు, మడమ వెనుక నొక పట్టీ ఉండవలెను. పట్టీల లోపల మెత్తని తోలు ఉండవలెను. సాయంకాలమునకు పాదము వాచును గనుక పట్టీలు వదులు చేయుటకు వీలుగా నుండవలెను. బకిలు చీలమండ యెముకమీద పడకుండ చూచుకొనుడు.

కుష్ఠువుచే పాదములు మొద్దుబారినవారికి ఎం.సి.ఆర్. చెప్పులను ప్రభుత్వమువారు కుష్ఠు నిర్మూలన కార్యక్రమము క్రింద ఉచితముగా ఇత్తురు. అయినను కొందఱు వానిని తీసికొని ఇంట దాచుదురు. ఆ ఆకారము చూడగానే లోకులు రోగము పేరు చెప్పుదురని వారి భయము. ఈ భయము అసత్యము కాదు. అందుచేతనే ఊరిలో నలుగురు తొడుగు తీరుననే, అదే రంగుననే, లోపలి రబ్బరు మాత్రము మార్చి కుట్టించుకొనుట మేలని నా యభిప్రాయము.

చెప్పులుగాని బూట్లుగాని కొనువారు సాయంకాలమున పోవలెను. అంతకుముందు ఇంటివద్ద గట్టి కాగితముమీద బరువంతయు మోపి నిలువబడి, పాదము చుట్టు మఱియొకరిచే పెన్సిలును నిలువుగా పట్టించి గీత గీయించుకొనవలెను. రెండు పాదములకు వేఱువేఱుగా గీయించవలెను. రెండును సమానముగా నుండుట అరుదు. కాగితమును ఆ గీత వెంబడి కత్తిరించి బూటులో దూర్చినప్పుడు అంచులు ముడుతపడినచో ఆ బూటు ఇఱుకైనది. అన్నిటికంటె పొడవైన వ్రేలికి ముందు ఇంకను వ్రేలి వెడల్పు చోటుండవలెను. పొడవైన వ్రేలు బొటనవ్రేలే కానక్కఱలేదు. బూటు లోపలికి చేయి దూర్చి కుట్టుముడులు, గట్టి అంచులు ఉన్నవేమో తడవి చూడవలెను. క్రొత్తదానిని తొడిగి వెంటనే పొలమునకు పోరాదు. మొదటి దినము అరగంట ఇంటిలో నడచి, విప్పి, పాదము చూడవలెను. ఎఱ్ఱని మచ్చ యున్నచో గడియ యగునప్పటికి, అనగా 24 నిమిషములకు, అది మాయమైనదో లేదో గమనింపవలెను. మాయము కానిచో ఆ జత మీది కాదు, ఎంత వెల పెట్టినను. దినదినమును కొంత కొంత కాలము పెంచవలెను.

తొడుగుటకు ముందు ప్రతిసారియు చెప్పును తలక్రిందులుగా తట్టి, అడుగున చూచి, లోపల చేయిపెట్టి తడవవలెను. మిర్యాలగూడ చెంత సాగరు ఎడమ కాలువ క్రింద నున్న యొక గ్రామమున నేనెఱిగిన పెద్ద రైతు హవాయి చెప్పులతో గట్టుమీద ఉదయము నుండి తిరిగెను. సర్కారు తుమ్మ ముల్లు చెప్పును దాటి అరికాలిలో విఱిగి యుండెను. ఇంటికి వచ్చి చెప్పులు విడిచి వసారాలో నడచుచుండగా మనుమరాలు "తాతా, నీ అడుగులు ఎఱ్ఱగున్నవి" అనునంతవఱకు ఆయనకు తెలియదు. ముల్లు తీయించుకొని, ఆనాడే ఆసుపత్రికి పోయెను గనుక పాదము దక్కినది. ఆయన బొటనవ్రేలి క్రింద ఆనెకాయ యుండుట కూడ ఆనాడే వైద్యుడు చూచెను. ఆనెకాయ గట్టి చర్మమే గదా యని బ్లేడుతో కోసికొనువారు, ఆనెలు కరగించు మందు పట్టీలు అంటించువారు కలరు. అవి రెండును కూడవు. ఆనెకాయ పడినదనగా ఆ చోట బరువు మితిమీరుచున్నదని యర్థము. దాని క్రిందనే పుండు పుట్టును.

రాత్రి దీపము వెలుతురున ప్రతిదినము అరికాళ్లు చూచుకొనవలెను. వంగలేనివారు అద్దము నేలపై నుంచి చూడవచ్చును, లేక ఇంటివారిచే చూపించుకొనవచ్చును. చేతి వెనుక భాగముతో రెండు పాదములను ఒకే చోట తాకి, ఒకటి రెండవదానికంటె వేడిగా నున్నదేమో పరీక్షింపవలెను. ఎద్దు మూపురమునకు చేయు పరీక్షయే ఇది. పుండు పైకి కనబడక మునుపే వేడి కనబడును.

మేజోళ్ల విషయమున మనవారికి అలవాటు తక్కువ. అయినను రాత్రి దుప్పటి రాపిడికి ఓర్వలేనివారికి వదులైన మెత్తని నూలు మేజోళ్లు కొంత సుఖమిచ్చును. కాళ్లవైపున మంచముమీద చిన్న పీట నుంచి దానిపైనుండి దుప్పటి పఱచినచో అసలు బట్ట తగులదు, ఖర్చును లేదు. పగలు బూట్లు తొడుగువారికి మేజోళ్లు లేనిదే కుదరదు. వ్రేళ్లకొనల యొద్ద కుట్టు ముడి లేనివి చూచి కొనవలెను. దొరకనిచో లోపలిది వెలుపలికి త్రిప్పి తొడుగుడు. ముడి చర్మమును తాకదు. తెలుపురంగు మేజోళ్లే కొనుడు. నెత్తురుగాని రసిగాని అంటినచో తెలుపుమీదనే తెలియును. ఈ యొక్క కారణముచేత నల్ల మేజోళ్లను నేను మెచ్చను. సాయంకాలము విప్పినప్పుడు పిక్కమీద గాడి పడియున్నచో పై రబ్బరు బిగుతని యర్థము. చిఱిగినవానిని కుట్టి తొడుగరాదు. ఆ కుట్టే గింజవలె గ్రుచ్చుకొనును. చెమటకు తడిసినవానిని మధ్యాహ్నమున మార్చవలెను. బిగువైన వైద్యపు మేజోళ్లను వైద్యుడు చెప్పనిదే తొడుగరాదు, నెత్తురు ప్రసారము తక్కువైనవారికి అవి కీడుచేయును. అయస్కాంతపు మేజోళ్లనియు, రాగి మేజోళ్లనియు అంగళ్లలో అమ్మువానికి పెట్టు సొమ్ము మంచి చెప్పులకు పెట్టుట మేలు.

ఇక మన ముఖ్యమైన చిక్కు వరిమడి. 1967లో నాగార్జునసాగరు కాలువలకు నీరు విడిచిన పిమ్మట మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ ప్రాంతములలో వరి విస్తరించినది. వరి యనగా గంటల తరబడి బురదలో కాళ్లు. నానిన చర్మము మెత్తబడి చీలును. బురదలోని గాజుపెంకు, నత్తగుల్ల, మోడు తెలియదు. జపాను దేశమున నాటువేయువారు కాలికంటుకొని యుండు పలుచని పొడుగు రబ్బరు బూట్లు తొడుగుదురు. మన బజారులోని పొడుగు బూట్లు వదులైనవి. దమ్ము చేసిన మడిలో అడుగు పెట్టగా బూటు అచ్చటనే యుండి కాలు వెలుపలికి వచ్చును. నిజము చెప్పవలెనన్న, స్పర్శ పూర్తిగా పోయినవానికి దమ్ము మడిలో సుఖమైన పాదరక్ష యేదియు లేదు. ఆ పనిని కొడుకునకో కూలికో అప్పగించి తాను గట్టుమీది పని చూచుకొనుట మేలు. ఇది చెప్పుట సులభమనియు, ఒంటరి రైతునకు కష్టమనియు ఎఱుగుదును. దిగక తప్పనివారు కాలికి సరిపడు బూట్లు తొడిగి, తక్కువసేపు నిలిచి, వచ్చిన వెంటనే మంచినీట కడిగి, వ్రేళ్ల సందులు పొడిబట్టతో తుడిచి, మడమలకు కొబ్బరినూనె రాయవలెను. వ్రేళ్ల సందులలో నూనె రాయరాదు.

వేడి మఱియొక శత్రువు. తిమ్మిరి పోవునని వేడినీటిలో కాళ్లుంచుట, ఇటుక కాచి కాపుట, నిప్పుల దగ్గఱ కాళ్లు చాపుట మన ఇండ్లలో జరుగుచున్నవి. కాలినను తెలియని పాదమునకు ఇంతకంటె అపాయము లేదు. నీటి వేడిని మోచేతితో చూడవలెను. ఎండకు కాలిన ట్రాక్టరు రేకుమీద, మోటారు సైకిలు పొగగొట్టము ప్రక్కన పాదము ఉన్నదేమో కన్నుతో చూడవలెను. మట్టపల్లి, వాడపల్లి క్షేత్రములలో వేసవి మధ్యాహ్నము బండలు ఎట్లుండునో అందఱికి తెలియును. దర్శనమునకు తెల్లవాఱుజామున పోవలెను. దురాజ్‌పల్లి పెద్దగట్టు జాతరకు ఒట్టి కాళ్లతో నడచెదనని మ్రొక్కిన మధుమేహులు తమ మ్రొక్కును వేఱు విధమున చెల్లించుకొనుట యుక్తము. ఇంటిలోపల నడచుటకును వేఱొక జత ఉంచుకొనవలెను. బీడీ మానవలెను, అది పాదమునకు పోవు నెత్తురును తగ్గించును.

పుండు పడినచో చెప్పులు మార్చి సరిపెట్టుకొనరాదు. నొప్పి లేదని నడచుచున్నంతకాలము పుండు మానదు. కాలిపై బరువు మోపక, కట్టు కట్టి, ఆనాడో మఱునాడో ఆసుపత్రికి పోవలెను. వాపు, వేడి, దుర్వాసన, నలుపు, జ్వరము ఉన్నచో తెల్లవాఱువఱకు ఆగరాదు. మిర్యాలగూడలోను కోదాడలోను ప్రభుత్వాసుపత్రులు కలవు. సూర్యాపేటలో 2019లో ప్రారంభమైన ప్రభుత్వ వైద్య కళాశాలకు అనుబంధముగా పెద్ద ఆసుపత్రి యున్నది.

ఒక రైతు తనంతట తాను ఎం.సి.ఆర్. రేకు తెప్పించుకొనుట కష్టము. రేకు పెద్దది, ఒక జతకు కావలసినది కొంచెము. విత్తనములు, ఎరువులు కలిసి కొనుచున్న మనము దీనిని కలిసి కొనలేమా? పదిమంది సభ్యులు చేరినచో ఒక రేకు తెప్పించి, ఊరిలో చెప్పులు కుట్టువారికి కొలతలతో అప్పగింపవచ్చును. వారికిని పని దొరకును. సంఘ కార్యదర్శులు ఈ విషయమును రానున్న సమావేశమున చర్చకు తేగలరని కోరుచున్నాను. పేరిచ్చువారు తమ పాదముల గీత కాగితములను వెంట తేవలెను. గీతను సాయంకాలముననే గీయించుడు. కాగితముమీద ఏది కుడియో ఏది ఎడమయో వ్రాయుడు. ఆనెకాయలుగాని, మానిన పుండ్ల మచ్చలుగాని యున్నచో గీతలోపల ఆ చోట సున్న చుట్టి చూపుడు. కుట్టువాడు ఆ చోట రబ్బరును పల్లముగా తొలచి బరువు తప్పించును.